చివరి కొళాయి దాకా నీళ్లు: ఒక జెడ్పీ హైస్కూలు ప్రాజెక్టు డైరీ

చిత్తూరు జిల్లాలో ఒక పల్లె బడి. 6 నుంచి 10 దాకా తరగతులు, 212 మంది పిల్లలు, అందులో ఆడపిల్లలు 110. ఆడపిల్లల మరుగుదొడ్ల బ్లాకులో చివరి కొళాయికి నీళ్లు రావడం లేదని 2025 జూలై 10 మెగా పీటీఎంలో (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) తల్లులు నిలదీశారు. డిసెంబరుకు పని అయింది. నడుమ రెండు కొనుగోళ్లు తప్పాయి, ఒక చెల్లింపు తిరిగొచ్చింది, ఒక ట్యాంకు దిమ్మె పగలగొట్టి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఇదే పని పెట్టుకున్న బడులు కనీసం ఆ నాలుగూ తప్పించుకోవచ్చు.

దశ 1: కొలతలు (జూలై 14–19)

కావలసినవి: 10 లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, టేపు, టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది; రూ. 350, టీచర్ల జేబులోంచి), ఎలక్ట్రీషియన్ దగ్గర అడిగి తెచ్చిన క్లాంప్ మీటరు (మోటారు లాగే కరెంటు కొలిచేది).

1. బకెట్ నిండే సమయం: ట్యాంకుకు దగ్గరి కొళాయి 41 సెకన్లు, చివరిది 3 నిమిషాల 25 సెకన్లు. మూడు కొళాయిలు ఒకేసారి తిప్పితే చివరిదానికి చుక్క రాదు.
2. ట్యాంకు అడుగు నుంచి కొళాయి దాకా ఎత్తు: 8 అడుగుల 4 అంగుళాలు.
3. రాత్రి నష్టం: సాయంత్రం 5కి అన్ని కొళాయిలూ కట్టేసి, ట్యాంకులో మట్టం కొలిచి, ఉదయం 8కి మళ్లీ కొలిచాం. 32 సెం.మీ. తగ్గింది. మామూలు 1,000 లీటర్ల గుండ్రటి ట్యాంకులో సెం.మీ.కి దాదాపు 9 లీటర్లు, అంటే 290 లీటర్ల దాకా పోయినట్టు. నాలుగు ఫ్లష్ ట్యాంకుల్లో మూడింటికి ఫ్లోట్ (నిండగానే నీటిని ఆపే తేలే బంతి) మూసుకోవడం లేదు, రాత్రంతా పొంగి పోతున్నాయి.
4. టీడీఎస్: 1,140. కొళాయి మూతుల చుట్టూ తెల్ల పొర కనబడుతూనే ఉంది.
5. బోరు మోటారు 1.5 హెచ్‌పీ. నిమిషానికి 31 లీటర్లు పోస్తుంది. 22 నిమిషాలకు గాలి కక్కుతుంది. మళ్లీ నీరు ఊరడానికి 50 నిమిషాలు.
6. రోజు వాడకం (మూడు రోజుల సగటు, కారుడుతో కలిపి): 1,430 లీటర్లు. 110 మంది ఆడపిల్లలకు పంచితే మనిషికి 13 లీటర్లు.

భారత ప్రమాణాల ప్రకారం పగటి బడికి మనిషికి రోజుకు 45 లీటర్లు వేసుకోవాలి. 13కి, 45కి నడుమ ఉన్న తేడాను తెలివైన పొదుపు అనుకోకండి. నీళ్లు రావని తెలిసిన పిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, అంతే. గదుల సంఖ్యలో పెద్ద లోటు లేదు: 40 మందికి ఒక లెట్రిన్, మూడు యూరినల్స్ అనే లెక్కకు 110 మందికి 3 లెట్రిన్లు, 9 యూరినల్స్ కావాలి, ఉన్నవి 4 లెట్రిన్లు, 8 యూరినల్స్. అందుకే ఏ తనిఖీ పట్టికలోనూ ఈ బడి పేరు ఎర్రగా పడలేదు. ‘మరుగుదొడ్లు ఉన్నాయా’ అని అడుగుతారు. బకెట్ ఎన్ని సెకన్లకు నిండుతోందని ఎవరూ అడగరు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 350.

దశ 2: ఏ సంచిలోంచి తీయాలి

పైపుల కంటే ఇది చిక్కు పని. బడికి తిరిగే డబ్బు నాలుగు సంచుల్లో ఉంటుంది, ఒకదాన్లోది ఇంకోదానికి వాడకూడదు.

సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో వచ్చేది. యూడైస్‌లో (బడుల వివరాల ప్రభుత్వ నమోదు) ఎక్కిన పిల్లల సంఖ్యను బట్టి ఏడాదికి: 30 లోపు రూ. 10,000, 31–100 రూ. 25,000, 101–250 రూ. 50,000, 251–1,000 రూ. 75,000, వెయ్యి దాటితే రూ. 1,00,000. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే పెట్టాలి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు అన్నీ ఇందులోంచే.

అసలు రాజకీయం ఈ మెట్ల దగ్గర ఉంది. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవోతో కిలోమీటరు లోపు ప్రాథమిక బడుల 3, 4, 5 తరగతులు హైస్కూళ్లకు వచ్చాయి. ఈ బడి సంఖ్య 274కి ఎక్కి 75 వేల మెట్టు మీద కూర్చుంది. అదే దెబ్బకు పక్క వీధి ప్రాథమిక బడి 28 మందితో మిగిలి 25 వేల మెట్టు నుంచి 10 వేలకు జారింది. దాని పైకప్పు చిన్నదైందా, కిటికీలు తగ్గాయా? లేదు. 2025లో ఆ జీవో పోయి తొమ్మిది రకాల బడుల విధానం వచ్చింది. ఆ తరగతులు వెనక్కి వెళ్లాయి, ఇక్కడ 212 మిగిలారు, గ్రాంటు 50 వేలకు దిగింది. మరుగుదొడ్లు మాత్రం అవే, బోరూ అదే. జీవోల మీద వాదనంతా టీచరు పోస్టుల చుట్టూ నడిచింది, అది న్యాయమే. కానీ తరగతులను అటూ ఇటూ జరిపినప్పుడు కట్టడాల ఖర్చు పిల్లలతో పాటు జరగదన్న మాట ఎక్కడా చర్చకు రాలేదు.

తల్లుల ఖాతా నుంచి మినహాయించేది. పిల్లలను బడికి పంపే తల్లులకు రాష్ట్రం ఏటా నగదు వేసిన పథకం అమ్మఒడి మొదలైంది ఈ చిత్తూరులోనే, 2020 జనవరి 9న, రూ. 15,000తో. 2021లో వెయ్యి మరుగుదొడ్ల నిర్వహణకని తీశారు, 2022లో బడి నిర్వహణకు ఇంకో వెయ్యి. 2025 జూన్‌లో ప్రభుత్వమూ పేరూ మారి తల్లికి వందనం వచ్చింది. ఖాతాలో పడింది అదే 13,000, మినహాయింపు అదే 2,000. ఇందులో బడి గడప దాకా కనబడేది ప్రధానంగా ఆయా గౌరవ వేతనం నెలకు 6,000, శుభ్రం చేసే సామాను. పైపు మార్చడానికి హెచ్‌ఎం చేతిలో పెట్టే సొమ్ము కాదు. ‘మా రెండు వేలు ఏమయ్యాయి’ అని తల్లులు అడిగితే చూపడానికి బడి దగ్గర ఫినాయిల్ డబ్బా తప్ప కాగితం ఉండదు. ఈ ప్రశ్న రెండు ప్రభుత్వాలకూ చెల్లుతుంది.

పంచాయతీ. 15వ ఆర్థిక సంఘం (2021–26) నిధుల్లో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికి కట్టుబడి ఉండేవి. బడికి కొళాయి కనెక్షను అడగడానికి మాకున్న దారి ఇదే. అర్జీ జూలై 21న ఇచ్చాం, గ్రామసభ తీర్మానంలో ఎక్కింది.

దాతలు. పాత విద్యార్థులు ఒక ట్యాంకు ఇస్తామన్నారు. నగదు తీసుకోలేదు. వాళ్లే దుకాణంలో కట్టి, బిల్లు బడి పేరున రాయించి ఇచ్చారు. స్టాకు రిజిస్టరులో ‘విరాళం’ అని ఎక్కించాం. నగదు తీసుకుంటే క్యాష్‌బుక్కులో ఏ పద్దు కింద చూపాలన్నదే ఒక పంచాయితీ అవుతుంది.

కాంపోజిట్ గ్రాంటులో మొదటి విడతగా ఖర్చు చేసుకునే పరిమితి రూ. 25,000. కరెంటు బకాయి 6,840, సుద్దముక్కలు, రిజిస్టర్లు, ప్రింట్లకు 3,900 తీసేస్తే ఈ పనికి మిగిలింది రూ. 14,260.

దశ 3: మొదటి తప్పు, నొక్కుడు కొళాయిలు (ఆగస్టు)

పిల్లలు కట్టేయకుండా పోతున్నారన్న ఊహతో వాటంతటవే మూసుకునే కొళాయిలు 5 తెచ్చాం. ఒక్కొక్కటి 420, బిగింపు 600. మొత్తం 2,700.

19వ రోజుకు మూడు బిగుసుకుపోయాయి, ఒకటి నొక్కినా రాదు, రెండు నొక్కితే మూసుకోవు. విప్పి చూస్తే స్ప్రింగు చుట్టూ సున్నం. టీడీఎస్ వెయ్యి దాటిన నీటికి స్ప్రింగు ఉన్న ఏ కొళాయీ పెట్టొద్దు. పైగా ఇలాంటివాటికి కాస్త ఒత్తిడి కావాలి, ఎనిమిది అడుగుల ఎత్తు నుంచి వచ్చే నీటికి అంత బలం లేదు. రాత్రి నష్టం కొలత చేతిలో ఉండి కూడా పిల్లల మీద నెపం వేయడం అసలు తప్పు. కారింది ఫ్లష్ ట్యాంకుల్లో, పిల్లల చేతుల్లో కాదు.

ఇప్పటిదాకా: రూ. 3,050.

దశ 4: రెండో తప్పు, ముందు ట్యాంకు (సెప్టెంబరు మొదటి వారం)

ట్యాంకు చాలడం లేదనుకుని ఇంకో 1,000 లీటర్ల ట్యాంకు (7,200), ఇటుక దిమ్మె (2,400), కలిపే పని (1,300). మొత్తం 10,900, దాతల లెక్క.

చివరి కొళాయి: 3 నిమిషాల 18 సెకన్లు. ఏడు సెకన్లే తగ్గింది.

ఇందులోనే ఇంకో పొరపాటు. కొత్త దిమ్మె పాతదాని కంటే 3 అంగుళాలు ఎత్తు వచ్చింది. అడుగున కలిపిన రెండు ట్యాంకుల్లో నీటి మట్టం ఎప్పుడూ ఒకటే, కాబట్టి పాతది పొంగే సమయానికి కొత్తది మూడు అంగుళాలు వెలితిగానే ఉంటోంది. దాదాపు 70 లీటర్ల చోటు వృథా. మేస్త్రీ తన తప్పే కాబట్టి కూలి లేకుండా దిమ్మె పై వరస తీసేసి మళ్లీ వేశాడు. నీళ్లు నింపిన సన్న గొట్టంతో రెండు దిమ్మెల మట్టం చూసుకోండి, కంటితో చూసి ‘సరిపోయింది’ అనొద్దు.

ట్యాంకు పూర్తిగా వృథా కాలేదు, దశ 6లో పనికొచ్చింది. కానీ వరస తప్పింది. పైపు కోసి చూడకుండా ఏమీ కొనకూడదు.

ఇప్పటిదాకా: రూ. 13,950.

దశ 5: పైపు కోత (దసరా సెలవులు)

ట్యాంకు దిగువన మొదటి వంపు దగ్గర అర అంగుళం జీఐ (జింకు పూత ఇనుము) పైపును రంపంతో కోశాం. లోపల అంచున ఎర్రటి తుప్పు, దానిమీద పొరలు పొరలుగా సున్నం, నడుమ పెన్సిలు దూరేంత సందు. సుత్తితో తడితే పెంకుల్లా రాలింది. ఈ ముక్కను దాచిపెట్టండి. కమిటీ మీటింగులో వంద మాటలు చెప్పేకంటే బల్లమీద ఇది పెడితే చాలు.

ఆ పైపు ఎందుకు మిగిలిందో పాత అంచనా పత్రం చూస్తే తెలిసింది. 2019 నవంబరు 14న మొదలైన మన బడి నాడు-నేడు మొదటి విడతలో ఈ బ్లాకు కట్టారు. నీళ్లు వచ్చే మరుగుదొడ్లు ఆ పథకంలో ఒక ముఖ్య అంశం. బ్లాకుకు, టైల్సుకు, కొళాయిలకు అంచనా ఉంది. ట్యాంకు నుంచి బ్లాకు దాకా 12 మీటర్ల లైను మాత్రం ‘ఉన్నదే వాడుకోవాలి’ అని ఒక్క మాటలో పోయింది. కట్టడానికి లక్షలు వచ్చాయి, దాన్ని కాదనలేం. అంతకు ముందు అదీ లేదు. ఐదేళ్ల తర్వాత ఒక వంపు, ఒక వాల్వు మార్చాలంటే మాత్రం ఆ చిన్న ఖర్చుకు విడిగా పద్దు లేదు.

చేసిన పని:

1. ట్యాంకు నుంచి బ్లాకు చివరి దాకా 1 అంగుళం యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్). 3 మీటర్ల పైపులు 4 (1,320). కొళాయిలకు దిగే చోట మాత్రమే అర అంగుళం.
2. గేట్ వాల్వు తీసేసి బాల్ వాల్వులు 2, యూనియన్లు 2, టీలు, రెడ్యూసర్లు, క్లాంపులు, సొల్యూషన్ (1,980). యూనియన్లు తప్పనిసరి. రేపు విప్పాలంటే పైపు కోయక్కర్లేదు.
3. ఫ్లష్ ట్యాంకులు నాలుగూ తీసి ప్లగ్గు కొట్టాం. ప్రతి లెట్రిన్‌లో కింద ఒక కొళాయి, బకెట్, మగ్గు.
4. చేయి కడిగే చోట 5, లెట్రిన్లలో 4, మొత్తం 9 పీటీఎంటీ ప్లాస్టిక్ కొళాయిలు (ఒక్కొక్కటి 110, మొత్తం 990). వాషరు మార్చుకుంటే చాలు, ఊళ్లోనే దొరుకుతుంది.
5. ప్లంబరు రెండు రోజులు 2,200, సహాయకుడు 1,400.

మొత్తం 7,890.

ఫ్లష్ ట్యాంకు తీసేయడం మీద అభ్యంతరం వచ్చింది, ‘ఉన్న సౌకర్యం పీకేస్తారా’ అని. ఆరు నెలలకోసారి ఫ్లోటు మార్చే డబ్బు ఖాయంగా వస్తుందంటే ఉంచేవాళ్లమే. గ్రాంటు ఏ నెల వస్తుందో తెలియని బడిలో చేతి ఖర్చుతో బాగయ్యే వస్తువే పెట్టాలి.

కొత్త చిక్కు: ట్యాంకు ఒకసారి ఖాళీ అయి మళ్లీ నిండితే చివరి కొళాయి పావుగంట సేపు తుమ్ముతోంది. పిట్టగోడ మీద పైపు ఎక్కి దిగే చోట గాలి పట్టుకుంటోంది. ఆ మెట్ట దగ్గర టీ వేసి అర అంగుళం పైపును ట్యాంకు పైఅంచు కంటే అడుగు ఎత్తుకు నిలబెట్టి, పైన మూతి వంచి దోమల జాలీ కట్టాం (240). ఆ తుమ్ములు ఆగాయి.

కొలత: మొదటి కొళాయి 27 సెకన్లు, చివరిది 36. మూడు కలిపి తిప్పితే చివరిది 58.

ఇప్పటిదాకా: రూ. 22,080.

దశ 6: మోటారు (అక్టోబరు–నవంబరు)

నీళ్లు సాఫీగా వస్తే ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది. ఇది ముందే లెక్కేసుకోవాలి. వాడకం 1,430 నుంచి 2,150 లీటర్లకు పెరిగింది, అదీ కారుడు ఆగిన తర్వాత. 22 నిమిషాల బోరును మరిచిపోయి వదిలేస్తే మోటారు కాలుతుంది. కాలితే పైకి లాగి, చుట్టించి, దించడానికి అయ్యే ఖర్చు ఏడాది గ్రాంటులో సగం మింగుతుంది.

టైమరు, డ్రైరన్ రక్షణ (నీళ్లు లేకుండా తిరిగితే మోటారును ఆపేది) కలిసిన పెట్టె, ఎలక్ట్రీషియన్ కూలితో 2,850.

1. నీళ్లతో నడిచేటప్పుడు 9.2 ఆంపియర్లు, గాలి కక్కేటప్పుడు 5.8–6.1.
2. మొదట 6 దగ్గర ఆగేలా పెట్టాం. ఒక రోజు 6.1 దగ్గరే తిరుగుతూ ఆగలేదు. 7కి మార్చాం, ఆ తర్వాత తప్పలేదు. రెండు రీడింగుల నడుమ పెట్టాలి, కింది అంచున కాదు.
3. 18 నిమిషాలు నడక, 55 నిమిషాలు ఆపు. ఒక విడతకు 558 లీటర్లు. నాలుగు విడతలకు 2,232, అంటే రెండు ట్యాంకులకూ చాలు. పట్టే సమయం 237 నిమిషాలు, కాబట్టి తెల్లవారి 4:30కి మొదలు, 8:30కి ముందే ట్యాంకులు నిండి ఉంటాయి. ముందే కొన్న రెండో ట్యాంకు ఇక్కడ పనికొచ్చింది.

నవంబరు వానలకు బోరు ఊట పెరిగి 22 నిమిషాలు 34 అయ్యాయి. సెట్టింగు మార్చలేదు. ఇక్కడ ఈశాన్య రుతుపవనాల్లో కొలిచిన బోరును నమ్మి ఏప్రిల్‌కు ప్లాను వేయకూడదు.

ఇప్పటిదాకా: రూ. 24,930. అందులో దాతలది 10,900, జేబుది 350, గ్రాంటుది 13,680. గ్రాంటులో మిగులు 580.

దశ 7: చెల్లింపులు, యూసీ (డబ్బు వాడినట్టు ఇచ్చే ధ్రువపత్రం)

2021లో వచ్చిన పద్ధతిలో ఒక్కో కేంద్ర పథకం డబ్బు రాష్ట్రంలో ఒకే నోడల్ ఖాతాలో ఉంటుంది. బడిది జీరో బ్యాలెన్సు ఖాతా. అందులో కనబడేది డబ్బు కాదు, ఖర్చు చేసుకునే పరిమితి. మార్చి 31 దాటితే పరిమితి పోతుంది. ‘వచ్చే ఏడాది పెద్ద పని చేద్దాం’ అని కూడబెట్టుకునే దారి లేదు. కాబట్టి పని ముక్కలు చేసి, ప్రతి ముక్కా ఆ ఏడాదిలోనే ముగిసేలా చూసుకోవాలి.

వరస ఇది:

1. ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) తీర్మానం. పని, అంచనా, పద్దు మూడూ రాయాలి. ‘మరమ్మతులు’ అని మాత్రమే రాస్తే ఆడిట్‌లో ఆగుతుంది.
2. మూడు కొటేషన్లు, పోలిక పట్టిక.
3. దుకాణం, ప్లంబరు ఖాతాలు పీఎఫ్‌ఎంఎస్‌లో (కేంద్రం చెల్లింపుల పోర్టల్) విక్రేతలుగా నమోదు. పేరు పాస్‌బుక్కులో ఎలా ఉంటే అలాగే. ప్లంబరు ఇంటిపేరు పొడి అక్షరంతో కొట్టాం, పాస్‌బుక్కులో పూర్తిగా ఉంది. 2,200 తిరిగొచ్చింది, 11 రోజులు పోయాయి. గ్రామీణ బ్యాంకు ఖాతాలైతే ఐఎఫ్‌ఎస్‌సీ కొత్తగా అడిగి తెలుసుకోండి. రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి, పాత పాస్‌బుక్కు చూసి కొట్టొద్దు.
4. ఎంట్రీ ఒకరిది, ఆమోదం ఇంకొకరిది. పేమెంట్ అడ్వైస్ ప్రింటు తీసిన రోజే బ్యాంకులో ఇవ్వాలి. గడువు దాటితే మళ్లీ మొదటికే.
5. ఓచర్లు, పనికి ముందు, తర్వాత ఫొటోలు, స్టాకు ఎంట్రీలు. పనికిరాని నొక్కుడు కొళాయిలు ఐదూ రాసి పెట్టాం. దాచిపెడితే అవే రేపు ‘మాయమైన సామాను’.
6. యూసీ డిసెంబరులోనే ఎంఆర్‌సీలో (మండల విద్యా కార్యాలయం ఉండే వనరుల కేంద్రం) ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి.

యూసీ ఆలస్యమైతే నష్టం ఒక్క బడిది కాదు. కింది నుంచి యూసీలు కలిసి పైకి వెళ్తేనే కేంద్రం తర్వాతి విడత వదులుతుంది, ఆ పైన రాష్ట్రం తన 40 శాతం జత చేయాలి. అయితే యూసీలన్నీ సవ్యంగా ఉన్నా డబ్బు ఆగవచ్చు. చిత్తూరు నుంచి గంట దూరంలో తమిళనాడు. పీఎం శ్రీ (ఎంపిక చేసిన బడులను మెరుగుపరిచే కేంద్ర పథకం) ఒప్పందం మీద సంతకం పెట్టలేదని 2024-25లో ఆ రాష్ట్రానికి సమగ్ర శిక్ష నిధులు ఆగాయి, 2,152 కోట్లు రావాలని అక్కడి ప్రభుత్వం అంది. ఆంధ్ర సంతకం పెట్టింది కాబట్టి ఆ చిక్కు ఇక్కడ లేదు. సుద్దముక్క, ఫినాయిల్ కొనే గ్రాంటును ఒక ఒప్పందపు సంతకానికి కట్టేయడం సరైన పని కాదని ఇటువైపు టీచర్లు కూడా అనాలి.

దశ 8: మిగిలినవి

పంచాయతీ కొళాయి కనెక్షను: తీర్మానం అయింది, తవ్వకం మొదలవలేదు.

వాషర్లు: 20 తెచ్చి హెచ్‌ఎం గది బీరువాలో పెట్టాం, మిగిలిన 580లోంచి 60. మార్చడం ఆయాకు, తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరికి చూపించాం. ముందు బాల్ వాల్వు కట్టాలి, ఆ తర్వాతే కొళాయి తల విప్పాలి.

సున్నం: నెలకోసారి కొళాయి మూతులు విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టాలి. యాసిడ్ వాడొద్దు, యూపీవీసీకి ఏమీ కాకపోయినా టైల్సు సందుల్లోని సిమెంటు తినేస్తుంది.

మగపిల్లల బ్లాకు: అదే పాత జీఐ లైను. డిసెంబరు 13న మొదటి వంపు కోసి చూశాం, సందు ఇంకా సన్నం. బకెట్‌కు 4 నిమిషాల 10 సెకన్లు. అంచనా 8,400. రెండో విడత పరిమితి ఇంకా పడలేదు, మార్చి 31 లోపు పడితే సంక్రాంతి తర్వాత రెండు ఆదివారాల పని.